ఊరడం ఎటు: లోపలికా, బయటికా?

టెన్త్ చదువుతున్న మా అమ్మాయి డిఫ్యూజన్‌ని తెలుగులో ఏమంటారని అడిగింది. 'వ్యాపనం' అన్నాను. మొహం అదోలా పెట్టింది. మామిడి ముక్కలోకి ఉప్పు పట్టడం లాంటిదమ్మా, ఊరడం అనుకో అన్నాను. వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది: "ఊట ముక్కలోంచి బయటికి కదరా వచ్చేది!" ఇంతకీ ఊరడం ఎటండీ?

— రెండు వైపులా. చెలమలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది, అది బయటికి. ముక్క ఊరిందంటే ఉప్పూకారం లోపలికి పట్టాయని. మాగాయ జాడీలో రెండూ జరుగుతాయి. ఉప్పు, పసుపు కలిపి పెట్టిన ముక్కలు మూడో రోజుకి ఊటలో మునిగి ఉంటాయి. మనం చుక్క నీళ్లు పోయలేదే! ముందు ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, పుస్తకాల్లో ద్రవాభిసరణ అనేది ఇదే. నీరు పోయి కణాల పొరలు దెబ్బతిన్నాక, ఊటలో కరిగిన ఉప్పు నెమ్మదిగా లోపలికి దారి చేసుకుంటుంది. మీ అమ్మగారూ రైటే, మీరూ రైటే.

— కర్త ఎవరో చూడండి, భలే ఉంటుంది. నేల నీటిని పీల్చుకుంటే ఇంకేది నీరు. శనగలు నీటిని పీల్చుకుంటే నానేవి శనగలు. ఊరడానికి మాత్రం ఇద్దరూ కర్తలే: ఊటా ఊరుతుంది, ముక్కా ఊరుతుంది. నానబోసిన శనగలంటాం గానీ ఊరబోసినవి అనం, అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం పెద్దగా లేదు కాబట్టేమో.

— మాట బాగుంది కానీ అన్నిచోట్లా చెల్లదు. 1896లో రాబర్ట్స్-ఆస్టెన్ అనే బ్రిటిష్ లోహ శాస్త్రవేత్త సీసంలోకి బంగారం వ్యాపించడాన్ని కొలిచాడు. సీసం కరగలేదు, గట్టిగా ఉండగానే. 'సీసంలో బంగారం ఊరింది' అంటే నవ్వొస్తుంది. తడి లేకుండా మనకు ఊరడం లేదు.

— ఒప్పుకుంటాను. లోహాలకు వ్యాపనమే ఉంచుదాం, ఊరగాయకు ఊరడం. అన్నట్టు మీ అమ్మాయికి ఇంకోటి చెప్పండి. 1855లో ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త వ్యాపనం గురించి రాసిన సూత్రాల ప్రకారం ముక్క మందం రెట్టింపైతే లోపలికంటా ఉప్పు పట్టడానికి దాదాపు నాలుగింతలు టైము పడుతుంది.

— చెప్పానండీ. "అందుకే కదా మాగాయకి పల్చగా తరగమనేది" అని మళ్లీ మా అమ్మే అంది.