పెరట్లో దానంతటదే మొలిచిన గునుగు: ఉంచాలా, పీకాలా?

పెరటిమడి:
తొలకరి పడగానే ఎవరూ విత్తకుండానే గునుగు, బిళ్ళగన్నేరు, కాశీరత్నం మొలుస్తాయి. బతుకమ్మ దాకా గునుగును ఉంచాలని కొందరు, కలుపు కాబట్టి మొలకలోనే తీసేయాలని కొందరు అంటారు. కూరగాయల మడులు కూడా ఉన్న చిన్న పెరట్లో ఏది సరి?

మెట్టచేను:
పీకేయాలి. పత్తి, మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో ఇది పెట్టే తిప్పలు కలుపు తీసేవాళ్లకు తెలుసు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. నల్లగా మెరిసే ఆ సన్న గింజలు అన్నీ ఒకేసారి మొలవవు. మడి తవ్వినప్పుడల్లా అడుగున ఉన్నవి పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు వేరుబుడిపె నులిపురుగు. గునుగు వేళ్లలో అది బాగా పెరిగి పక్కనున్న టమాటా, వంగ, బెండకు పాకుతుంది. ఒక మొక్కను పీకి వేళ్లు చూడండి. బుడిపెలు కనబడితే దాన్ని కంపోస్టులో వేయొద్దు.

గునుగుపట్టీ:
నులిపురుగు మాట నిజం. అందుకే కూరగాయల మడుల్లో మొలిచినవన్నీ తీసేయాల్సిందే. కానీ ప్రహరీ వెంట, ఎండ బాగా తగిలే చోట అది ఏ పంట తిండి లాక్కుంటుంది? చేనుకు కలుపైనంత మాత్రాన పెరటికీ కలుపే అనడం ఒప్పుకోను.

మొక్కలు జానెడు ఎత్తుకు రాగానే అడుగు దూరానికి ఒకటి ఉంచి మిగతావి తీయండి. తీసిన లేత ఆకు కూరకు పనికొస్తుంది. ఒత్తుగా వదిలేస్తే సన్నగా సాగి, గాలికి పడిపోతాయి. కొన తుంచితే ఎక్కువ కంకులొస్తాయి గానీ కాడలు పొట్టివవుతాయి. బతుకమ్మ వరుసలకు పొడవు కాడలు కావాలంటే తుంచొద్దు. యూరియా అసలు వేయొద్దు, ఆకే పెరుగుతుంది.

మెట్టచేను:
గింజ సంగతి చెప్పలేదు మీరు. కంకి అడుగు నుంచి పైకి పూస్తుంది. కొన ఇంకా గులాబీ రంగులో ఉండగానే అడుగున గింజ ముదురుతుంది. పండుగకు పూలు కోశాక పని అయిపోయిందనుకుంటారు. కింది కణుపుల్లో కొత్త కొమ్మలొచ్చి మళ్లీ కంకులేస్తాయి. అప్పుడు పట్టించుకునేవాళ్లుండరు, గింజంతా నేలపాలవుతుంది.

గునుగుపట్టీ:
ఇది ఒప్పుకుంటాను. కంకి అడుగు భాగం తెల్లబడి పొడిబారితే అరచేతిలో దులిపి చూడాలి. నల్ల గింజ రాలిందంటే కోత ఆలస్యమైనట్టే. సద్దుల బతుకమ్మ మర్నాడు అన్నీ వేళ్లతో పీకేయండి. విత్తనానికి ఒకటి రెండు మొక్కలు చాలు, వాటి కంకులకు పల్చటి గుడ్డ సంచి కట్టండి. ఆ పట్టీని తవ్వకుండా రెండు మూడు అంగుళాల మందాన ఎండాకు పరిస్తే మిగిలిన గింజ చాలావరకు మొలవదు.

సీతాకోక:
మిగతా వాటి గురించి. కాశీరత్నానికి తాడు కట్టివ్వండి, లేకపోతే మిరప మొక్కలను చుట్టేస్తుంది. బిళ్ళగన్నేరును ఉంచవచ్చు గానీ పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, అది విషం. గడ్డిచామంతి సీతాకోకచిలుకలకు మంచి తేనె మొక్క. కాకపోతే నేలను తాకిన ప్రతి కణుపూ వేరు పోస్తుంది, కాబట్టి పైపైన కోస్తే లాభం లేదు.

వయ్యారిభామ విషయంలో మాత్రం రెండో మాట లేదు. చిన్నప్పుడు క్యారెట్ ఆకులా నేలకు పరుచుకుని ఉంటుంది, బంతి మొలక అనుకుని వదిలేస్తారు. ఆకు నలిపితే బంతికి ఘాటు వాసన వస్తుంది, దీనికి ఆ వాసన ఉండదు. పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని పీకండి. ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే ఉబ్బసం. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లే పద్ధతి బంజరు జాగాకే, మడుల్లో చల్లితే మట్టి పాడవుతుంది.

మెట్టచేను:
చుట్టూ గోడ ఉన్న టౌను ఇంటికైతే ఒక పట్టీ వదలడానికి నాకు అభ్యంతరం లేదు. వాననీళ్లు పెరట్లోంచి పక్క చేనులోకి పారే ఊళ్లలో మాత్రం నా మాట మారదు. గింజ నీళ్లతో పోతుంది, కలుపు కూలి పక్కవాళ్ల మీద పడుతుంది.