వారంటీ అయిపోయిన బండిని ఇంట్లో విప్పడం సబబేనా?

రింగుపానా (గుంటూరు)

ఉచిత సర్వీసులు, వారంటీ రెండూ అయిపోయిన 100, 125 సీసీ బళ్ళకు ఆయిల్ మార్చడం, చైన్ సరిచేయడం, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు చూసుకోవడం, బ్రేకు షూలు మార్చడం వంటి పనులను యజమానే చేసుకోవాలని, అలా చూసుకున్న బండే ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం. ఇంట్లో బండి విప్పేవారు రోడ్డు మీద అందరికీ ప్రమాదమేనని మొన్న ఒక సభ్యుడు రాశారు కాబట్టి ఈ చర్చను విడిగా మొదలుపెడుతున్నాను.

ఆయిల్ మార్చడాన్నే తీసుకోండి. ఇంజిన్ను కాసేపు నడిపి ఆయిల్ పలచబడనివ్వాలి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, కింద తొట్టి పెట్టి, నట్టు విప్పి, పాత ఆయిల్ చుక్క చుక్కగా కారడం ఆగేదాకా ఓపిక పట్టాలి. కొత్త వాషరు వేసి నట్టు బిగించి, మాన్యువల్లో రాసిన గ్రేడును రాసిన కొలతకే పోయాలి. ఇందులో సగటు మనిషికి చేతకానిది ఏముందో ఎవరైనా చెప్పాలి. సర్వీసు సెంటర్లో అద్దానికి ఇవతల కూర్చోబెట్టిన మనిషికి మాత్రం వీటిలో ఏది జరిగిందో, ఏది జరగలేదో తెలుసుకునే దారే లేదు.

ఆటోనగర్ షెడ్డు (విజయవాడ)

ఆ మాట రాసింది నేనే కాబట్టి జవాబు నేనే ఇస్తాను. ఇంట్లో ఆయిల్ మార్చుకున్న బళ్ళు నా షెడ్డుకు రెండే కారణాలతో వస్తాయి. మొదటిది ఆయిల్ నట్టు మర, అంటే నట్టు పట్టుకునే గాడులు, పోవడం. నట్టు ఉక్కుది, అది దిగే ఇంజిన్ కేసు అల్యూమినియంది. కారకూడదన్న భయంతో పొడుగు పానా వేసి మొత్తం బలంతో లాగితే నట్టుకు ఏమీ కాదు, కేసులోని మర పీచులా ఊడి వస్తుంది. ఆ తర్వాత లేతు దగ్గరకు తీసుకెళ్ళి బుష్ వేయించాలి, లేదా కేసే మార్చాలి.

రెండోది కారు ఆయిల్. ఇంట్లో కారుకు తెచ్చిన డబ్బాలో మిగిలిందని బండిలో పోస్తారు. చాలా కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి. మన గేరు బళ్ళలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి కాబట్టి ప్లేట్లు జారి, ఎక్సలేటరు ఇచ్చినా బండి ముందుకు లాగదు. అందుకే డబ్బా మీద ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని తెలిపే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందో లేదో చూడమని నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నాము.

ఇంకొక సంగతి కూడా మీరు వదిలేశారు. ఆయిల్ మార్చడమంటే నట్టు విప్పడంతో అయిపోదు. పాత 100 సీసీ ఇంజిన్లు చాలావాటిలో కాగితం ఫిల్టరు ఉండదు. లోపల ఒక జాలీ, తిరుగుతూ మురికిని అంచులకు చేర్చే సెంట్రిఫ్యూగల్ ఫిల్టరు ఉంటాయి. దాన్ని శుభ్రం చేయాలంటే క్లచ్ వైపు కవరు తీయాలి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి. ఇది మీరు చేస్తున్నారా?

చైన్ కవర్ (నిజామాబాద్)

చైన్ కడగడానికి డీజిల్ వాడవచ్చా? ఇప్పుడు కిరోసిన్ ఎక్కడా దొరకడం లేదు.

రింగుపానా

షెడ్డు గారూ, మర పోవడం గురించి మీరు చెప్పింది నిజమే. అయితే మర పోగొట్టేది ఎవరు అన్నదే ప్రశ్న. చిన్న బళ్ళకు ఆ నట్టు బిగింపు ఇరవై నుంచి ముప్ఫై న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఆ బిగింపును కొలిచి చూపే పానా, అంటే టార్క్ రెంచీ, లేకపోయినా, పొట్టి పానాను తల దగ్గరగా పట్టుకుని మణికట్టు బలంతో బిగిస్తే అంతకు మించదు. షెడ్లలో ఎంత పొడుగు పానా చేతికి వస్తే దానితో లాగడం నేను కళ్ళారా చూశాను. టార్క్ రెంచీ వాడే షెడ్డును నేను ఇంతవరకు చూడలేదు. ఇంట్లో మర పోయిందని మీరు చెప్పే బళ్ళలో ఎన్నింటిని అంతకు ముందు ఏదో ఒక షెడ్డులో అతిగా బిగించారో మీకు ఎలా తెలుస్తుంది?

క్లచ్ కవరు నేను తీయను. దాన్ని మాన్యువల్ చెప్పిన దూరానికి ఒకసారి బయట చేయిస్తాను. ఒక్క పని బయట చేయించాలి కాబట్టి అన్ని పనులూ బయటే చేయించాలనడం కుదరదు.

ఆటోనగర్ షెడ్డు

ముప్ఫై ఏళ్ళు పానా పట్టిన చెయ్యే టార్క్ రెంచీ. నట్టు ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుస్తుంది. నెలకొకసారి పానా ముట్టుకునేవారికి అది తెలియదు.

రింగుపానా

చెయ్యి మీద అంత నమ్మకం ఉన్నప్పుడు మర పోయిన నట్లు షెడ్లలో పని చేసిన బళ్ళకు ఎందుకు కనిపిస్తున్నాయి? నేను కొన్న సెకండ్ హ్యాండ్ బండి పూర్వం షెడ్లలోనే తిరిగింది. దానికి ఆయిల్ నట్టు చుట్టూ టెఫ్లాన్ టేపు చుట్టి ఉంది. మర పోయిన సంగతి యజమానికి చెప్పకుండా టేపుతో సరిపెట్టి పంపించారు.

వేగావతి (విజయనగరం)

మీరిద్దరూ ఒకే నట్టు దగ్గర ఆగిపోయారు. నాది గేరు లేని స్కూటరు. దాని క్లచ్ ఆయిల్లో మునగదు కాబట్టి దానికి ఎంబీ రకం ఆయిల్ సరిపోతుందని, వెనక చక్రం దగ్గర గేరు ఆయిల్ విడిగా వంద మిల్లీలీటర్ల పైచిలుకు పడుతుందని నేను మాన్యువల్ చదివి తెలుసుకున్నాను. సర్వీసు సెంటర్లో గేరు ఆయిల్ మార్చారా అని అడిగితే, కౌంటరులోని మనిషి నాకు జవాబు చెప్పకుండా పక్కనున్న మా వారి వైపు తిరిగి చెప్పాడు. బండి నా పేరున ఉంది, నడిపేది నేను, డబ్బు కట్టేది నేను. స్త్రీలు ఎందరో ఇంట్లో నేర్చుకుందామనుకోవడానికి ఇది కూడా ఒక కారణమని మీ చర్చలో చేర్చుకోండి.

వకీలు గుమాస్తా (హైదరాబాద్)

చట్టం వైపు నుంచి రెండు మాటలు. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో వ్యాపార పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఆ తర్వాత అది అప్పీళ్ళకు వెళ్ళింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు సమాచారం కోసం రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించింది. సొంతంగా బండి విప్పుకునే వ్యక్తికీ, రోడ్డు పక్క షెడ్డుకూ ఈ విషయంలో అవసరం ఒక్కటే. మీరు ఒకరితో ఒకరు పోట్లాడుకోవడం నాకు అర్థం కావడం లేదు.

ఆటోనగర్ షెడ్డు

గుమాస్తా గారూ, ఆ తీర్పు కార్ల గురించి. మా బాధ వేరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ నియంత్రణ ప్రమాణం వచ్చాక కొత్త బళ్ళలో కార్బొరేటరు దాదాపు కనుమరుగై, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2023 నుంచి బండి తన లోపాలను తానే పసిగట్టే ఓబీడీ2 ఏర్పాటు కూడా కలిసింది. మీటరులో పసుపు దీపం వెలిగితే లోపం ఏమిటో చదవడానికి స్కానరు కావాలి, కంపెనీకొక రకం. నాలాంటివాడు అన్నీ కొనలేడు. ఒకవైపు కంపెనీ మమ్మల్ని బయట నిలబెడుతుంటే, రెండోవైపు ఈ రింగుపానా గారి వంటివారు మెకానిక్కులందరూ టేపు చుట్టి పంపే మోసగాళ్ళని రాస్తున్నారు. మిగిలిన చిన్నచిన్న పనులు కూడా ఇళ్ళకే వెళ్ళిపోతే నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళకు ఏం కూడు పెట్టాలి?

రింగుపానా

మీ కుర్రవాళ్ళ కూటి కోసం నా బండిని చెడగొట్టుకోలేను. ఇంత కటువుగా రాయడం నాకు ఇష్టం లేదు గాని, మీరు అడిగారు కాబట్టి అసలు సంగతి చెబుతాను.

మా తమ్ముడి బండికి వెనక బ్రేకు షూలు మార్చినట్టు ఒకచోట బిల్లు వేశారు. డబ్బు కట్టి తెచ్చుకున్నాడు. బ్రేకు పట్టడం లేదని నాకు చూపిస్తే, ముందుగా షూలను పట్టి ఉంచే పళ్ళెం, అంటే బ్రేకు ప్యానెల్, మీద ఉండే అరుగుదల గుర్తును చూశాను. పెడల్ తొక్కినప్పుడు బాణం ఆ గీత దగ్గరకు వచ్చేస్తోంది, అంటే షూలు అరిగిపోయినట్టు. చక్రం విప్పాను. అంతకు ముందోసారి నేనే షూ అంచున పెట్టిన పసుపు పెయింటు చుక్క అలాగే ఉంది. అవే పాత షూలు. వాటిని గరుకు కాగితంతో రుద్ది తిరిగి పెట్టేశారు. ఆ బండి వెనక కూర్చుని మా అమ్మ రోజూ ఆసుపత్రికి వెళ్ళివస్తోంది.

అప్పటి నుంచి మా ఇంటి బళ్ళ బ్రేకులు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను మిగుల్చుకునే కూలి డబ్బుల గురించి కాదు ఈ చర్చ.

నల్లచెరువు (కదిరి)

షెడ్డు గారు దీనికి ఏమంటారో చదవాలని ఉంది.

ఆటోనగర్ షెడ్డు

ఆ పని చేసినవాడిని నేను వెనకేసుకు రాను. బ్రేకు దగ్గర అబద్ధం బిల్లు వేసినవాడు ఈ వృత్తిలో ఉండకూడదు.

కాని నేను మొన్న ఆ మాట ఎందుకు రాశానో కూడా వినండి. నాకు బాగా తెలిసిన ఒక మనిషి వెనక చక్రం ఇంట్లోనే విప్పి షూలు మార్చుకున్నాడు. షూలు సరిగ్గానే వేశాడు. బ్రేకు ప్యానెల్ తిరగకుండా దాన్ని స్వింగ్ ఆర్ముకు, అంటే వెనక చక్రాన్ని మోసే చట్రానికి, పట్టి ఉంచే టార్క్ లింకు అనే కడ్డీ ఉంటుంది కదా, దాని నట్టు బిగించాడు గాని ఆ నట్టు ఊడకుండా అడ్డంగా వేసే స్ప్లిట్ పిన్ను మళ్ళీ వేయలేదు. రూపాయి రెండు రూపాయల పిన్ను అది. కొన్నాళ్ళకు నట్టు వదులై జారిపోయింది. కనకదుర్గమ్మ వారధి దిగుతుండగా బ్రేకు తొక్కాడు. పట్టు లేని ప్యానెల్ చక్రంతో పాటే తిరిగింది, బ్రేకు రాడ్డు వంగి చక్రం బిగుసుకుపోయింది. అతనికి గీత కూడా పడలేదు. వెనక కూర్చున్న భార్య మణికట్టు విరిగింది. బండిని నా షెడ్డుకే తెచ్చారు. ఆ వంగిన రాడ్డును విప్పింది నేనే.

ఆయిల్ తప్పు పోస్తే ఇంజిన్ పోతుంది, అది మీ డబ్బు. మర పోతే లేతు ఖర్చు, అదీ మీ డబ్బే. బ్రేకు దగ్గర తప్పు జరిగితే దెబ్బ తగిలేది ఆ పనితో సంబంధం లేని మనిషికి. మొదటి రోజు నుంచి నేను ఆయిల్ నట్టు గురించి వాదించాను గాని నా మనసులో ఉన్నది ఈ పిన్నే.

వేగావతి

ఇప్పటికి అసలు విషయం బయటికి వచ్చింది. మీ ఇద్దరి కథల్లోనూ దెబ్బ తగిలేది, తగలబోయేది వెనక కూర్చున్న స్త్రీకే. పని ఎవరు చేయాలన్నది మీరు తేల్చుకోండి. చేసిన పనిని నడిపేవారు, ఎక్కేవారు ఎలా సరిచూసుకోవాలో మాత్రం షెడ్డు గారు చెబితే నాలాంటివారికి ఉపయోగం.

ఆటోనగర్ షెడ్డు

చెబుతాను తల్లీ. డ్రమ్ము బ్రేకుల గేరు బండికైతే, సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రుద్దుకోకుండా తిరగాలి. పెడల్ మీద కాలు పెడితే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే దిగి అప్పుడు పట్టాలి. చైన్ బిగించిన ప్రతిసారీ దీన్ని చూసి తీరాలి, ఎందుకంటే చైన్ కోసం చక్రాన్ని వెనక్కు లాగితే బ్రేకు రాడ్డు కూడా లాగుకుని పెడల్ బిగుతవుతుంది. చైన్ సరిచేసి బ్రేకు సంగతి మరిచినవారు ఇళ్ళలోనూ ఉన్నారు, షెడ్లలోనూ ఉన్నారు. టార్క్ లింకు నట్టు దగ్గర పిన్ను కంటికి కనిపించాలి, దాని కాళ్ళు విడదీసి వంచి ఉండాలి. మీ స్కూటరుకు ఈ లింకు, ఈ చైన్ ఉండవు. చక్రం తిప్పి చూడడం, వెనక బ్రేకు లివరు వదులు చూడడం, ప్యానెల్ మీద బాణం గుర్తు చూడడం మీకు చాలు. డిస్కు బ్రేకు ఉంటే ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకొకసారి మార్పించండి. మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చదివి అదే పోయించండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

పాత షూలు, పాత ప్లగ్గు, పాత ఫిల్టరు ఏది మార్చినా దాన్ని మీ చేతికి ఇమ్మని అడగండి. ఇవ్వనన్న చోటుకు మళ్ళీ వెళ్ళకండి.

చైన్ కవర్

పాత ఆయిల్ ఎక్కడ పోయాలి అన్నది కూడా ఎవరూ రాయలేదు. మా వీధిలో కాలువలో పోస్తున్నారు.

వకీలు గుమాస్తా

కాలువలో పోయకూడదు. వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో మూత పెట్టి, పాత ఆయిల్ సేకరించి అధీకృత రీసైక్లర్లకు పంపే షెడ్డుకు ఇవ్వండి.

రింగుపానా

షెడ్డు గారూ, పాత భాగాలు చేతికి ఇవ్వాలని మీరు రాసిన మాటను మీ ఆటోనగర్లో ప్రతి షెడ్డూ పాటిస్తే నాలాంటివారిలో సగం మంది తిరిగి వస్తారు. నేను మాత్రం రాను. చేసినవాడే నడిపితే జాగ్రత్త ఎక్కువ ఉంటుందని నేను నమ్ముతాను. మీరు చెప్పిన మనిషి పిన్ను వదిలేయడానికి కారణం అతను ఇంట్లో పని చేయడం కాదు, మాన్యువల్లో ఆ పేజీ చదవకపోవడం.

ఆటోనగర్ షెడ్డు

అతను చదివాడు. పాత పిన్ను తీసేటప్పుడు విరిగింది, ఇంట్లో కొత్తది లేదు, రేపు వేద్దామనుకున్నాడు. షెడ్డులో డబ్బా నిండా పిన్నులు ఉంటాయి. తేడా అక్కడ ఉంది. బ్రేకుల విషయంలో నా మాట మారదు. మీరు ఎలాగూ విప్పుతానంటున్నారు కాబట్టి, చక్రం విప్పక ముందే కొత్త పిన్ను కొని పెట్టుకోండి. బిగించాక మొదట ఒక్కరే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, నాలుగైదు సార్లు బ్రేకు తొక్కి చూసి, వెనక్కు వచ్చి నట్లన్నీ మరొకసారి ముట్టుకుని చూడండి. ఆ తర్వాతే మీ అమ్మగారిని ఎక్కించండి.

రింగుపానా

పిన్నులు కొని పెట్టుకుంటాను. ఒక్కడినే నడిపి చూడడం కూడా చేస్తాను. షూలు మార్చేది మాత్రం నేనే.