పడమటి బండను తొలగించి అద్దపు గోడ కట్టాలా?

గుట్టకింద: హైదరాబాదు శివారులోని మా స్థలంలో పడమటి పక్కన పెద్ద గ్రానైటు బండ, దాన్ని ఆనుకొని వేపచెట్టు ఉన్నాయి. రెండింటినీ తొలగించి ఆ వైపు గోడంతా అద్దంతో కడితే ఎదుటి గుట్ట ఇంట్లోకి వచ్చినట్లుంటుందని మా డిజైనరు చెబుతున్నారు. ఇది సబబేనా?

అద్దాలమేడ: సబబే. 1951లో పూర్తయిన ఫార్న్స్‌వర్త్ ఇంటిని వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె అమెరికాలోని ఇల్లినాయిలో నాలుగు వైపులా అద్దంతోనే కట్టారు. అక్కడ కూర్చున్నవారికి చెట్లూ నదీ కళ్ళముందే ఉంటాయి. బండను ఉంచితే మాత్రం స్థలమూ పోతుంది, పునాది ఖర్చూ పెరుగుతుంది.

మండువా: ఆ ఇంటి తరువాతి కథ కూడా చెప్పుకోవాలి. వేడి, దోమలు భరించలేక యజమానురాలు వరండాకు దోమతెరలు బిగించుకున్నారు. నేలకు సుమారు 5 అడుగుల ఎత్తున నిలబెట్టినా 1954లోనూ 1996లోనూ ఫాక్స్ నది వరద లోపలికి వచ్చింది. చలిదేశంలోనే అలా ఉంటే, 17 డిగ్రీల అక్షాంశం మీదున్న మన ఊళ్ళో పడమటి అద్దం సంగతి వేరే చెప్పాలా? దక్షిణపు ఎండను చూరు చాలావరకు ఆపుతుంది కాని, వేసవి సాయంత్రం సూర్యుడు కిందికి దిగి ఏటవాలుగా కొట్టే ఎండకు ఏ చూరూ అడ్డు రాదు, దాన్ని ఆపగలిగేవి చెట్టు, జాలీ గోడ, నిలువు పలకలు మాత్రమే. చెట్టును కొట్టేసి అద్దం పెడితే, మూడు గంటలకల్లా తెరలు దించి ఏసీ వేసుకోవలసిందే. గుట్టను చూడటానికని అంత ఖర్చు పెట్టిన గోడ సరిగ్గా ఇంటిల్లిపాదీ కూర్చునే వేళకు గుడ్డ చాటున ఉంటుంది. ఇక బండ విషయానికి వస్తే, మరో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో పెన్సిల్వేనియాలో కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంట్లో అక్కడి బండను తీయకుండా హాలులోని చలిమంటకు అరుగుగా వాడుకున్నారు.

అద్దాలమేడ: అదే ఇంట్లో వాననీరు కారింది, ముందుకు చాచిన స్లాబులు కుంగాయి, 2002లో ఉక్కు కేబుళ్ళతో బిగించి నిలబెట్టవలసి వచ్చింది. ఆ పేరు చెప్పి మామూలు మేస్త్రీ చేత బండకూ గోడకూ అతుకు వేయిస్తారా?

మండువా: వేయించమనను, ఆ మాట మీరు న్యాయంగానే అన్నారు. మన గ్రానైటు పగలంతా వేడిని పీల్చి రాత్రి వదులుతుంది కనుక దానికి గోడను ఆనించనే కూడదు. బండకూ ఇంటికీ మధ్య గాలి ఆడేంత జాగా వదిలి, అక్కడ వసారా వేసి, పెద్ద కిటికీలను ఉత్తరానికి మార్చండి. వసారాలోంచి గుట్ట ఎలాగూ కనిపిస్తుంది.

గుట్టకింద: బండను అసలు కదిలించవచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

మండువా: అది విడిగుండా, భూమిలోకి దిగిన పరుపుబండా అన్నది పక్కన గుంత తీయిస్తే తేలుతుంది. పరుపుబండ అయితే పేల్చవలసి రావచ్చు, పేలిస్తే పక్కవారి గోడలు బీటలు వారవచ్చు. ప్లాను గీయించకముందే ఆ పని చేయించండి.