శేషాచలం అడవి విలువను వాతావరణ ప్రణాళికలో ఎలా చూపాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. జిల్లా వాతావరణ విధానంపై ప్రాజెక్టు రాస్తూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు దారి చూపండి.

బ్రిటన్ దేశమంతటి పర్యావరణ వ్యవస్థలను మదింపు చేసి, 2011 జూన్‌లో ఫలితాలు ప్రకటించింది. ప్రకృతి మనుషులకిచ్చే సేవల్లో దాదాపు 30 శాతం తగ్గుతున్నాయని తేలింది. అదే నెలలో ప్రభుత్వం ప్రకృతిపై విధానపత్రం తెచ్చింది. మన దేశ వాతావరణ లక్ష్యాల్లో మాత్రం అడవి అంటే ప్రధానంగా కార్బనే: 2030 నాటికి అదనంగా 250-300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునేంత అడవి, చెట్లు పెంచాలని. శేషాచలం చేసే మేలు అంతేనా? కొండ మీద పడ్డ వానను పట్టి ఉంచి, మెల్లగా కల్యాణి డ్యాము వైపు వదిలేది ఆ అడవే కదా. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి సేవలను రూపాయల్లో చూపాలా, మ్యాపులు చాలా? డబ్బు లెక్క ఒక్కటే పెడితే ఎర్రచందనం కలప ధరే కనబడుతుందని నా భయం. కేంద్ర గణాంక శాఖ ఇచ్చే ఎకోసిస్టమ్ లెక్కలను (అడవి, నేల, నీరు వంటి పర్యావరణ వ్యవస్థల లెక్కలను) జిల్లా స్థాయిలో వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అడవి అంచు ఊళ్లలో పశువులు మేపేవాళ్లకు తెలిసినదాన్ని రిపోర్టులోకి ఎలా తెచ్చారు?