ఇన్ని స్మారక నాణేలు వస్తుంటే సేకరించాలన్న ఉత్సాహమే పోతోంది, మీకూ ఇలాగే ఉందా?

గుంటూరు చిల్లర:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళకి పైగా నాణేలు పోగేస్తున్నాను, కానీ ఈ రెండు మూడేళ్ళుగా ఆల్బమ్ బయటికి తీయాలంటేనే మనసు రావడం లేదు. మీలో ఇంకెవరికైనా ఇలా ఉందేమో తెలుసుకుందామని అడుగుతున్నాను.

మాది కిరాణా కొట్టు. రాత్రి షట్టర్ దించాక గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టడం చిన్నప్పుడు నా పని. కొత్త బొమ్మ ఉన్న రూపాయి బిళ్ళ కనపడితే తీసుకోవచ్చు, కానీ దాని బదులు నా డబ్బుల్లోంచి ఇంకో రూపాయి వెయ్యాలి, అది నాన్న పెట్టిన షరతు. అలా దొరికినవే 1990 అంబేడ్కర్ రూపాయి, 1991 రాజీవ్ గాంధీ రూపాయి, టూరిజం సంవత్సరానికి వేసిన నెమలి రూపాయి, 1995లో ప్రపంచ తమిళ మహాసభలకి వేసిన తిరువళ్ళువర్ బిళ్ళలు. రైల్వే 150 ఏళ్ళకి లాంతరు పట్టుకున్న ఏనుగు బొమ్మతో రెండు రూపాయలది వచ్చినప్పుడైతే నేను కాలేజీలో ఉన్నాను, బస్సులో కండక్టర్ చిల్లర ఇస్తే అందులో కనపడింది, దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది ఆ సంతోషంలో.

ఇప్పుడు చూడండి. 2010లో రిజర్వ్ బ్యాంక్ 75 ఏళ్ళకి 75 రూపాయల నాణెం వచ్చింది, బావుంది, కొన్నాను. టాగూర్‌కి 150 రూపాయలది, తంజావూరు బృహదీశ్వరాలయానికి 1000 రూపాయలది, అవీ ఎలాగో కొన్నాను. ఆ తర్వాత 125, 350, 550, మీరాబాయికి 525, అహల్యాబాయి హోల్కర్‌కి 300, ఇలా అంకెలే గుర్తుపెట్టుకోలేనంతగా వస్తున్నాయి. 2020 అక్టోబర్, నవంబర్ రెండు నెలల్లోనే విజయరాజె సింధియాకి 100, ఆహార వ్యవసాయ సంస్థకి 75, లక్నో యూనివర్సిటీకి 100 వచ్చాయి. 2025 నవంబర్‌లో వందేమాతరం 150 ఏళ్ళకి ఒకటి, పుట్టపర్తిలో సత్యసాయి బాబా శతజయంతికి ఇంకొకటి. ఒక్కోటీ వేలల్లో ధర. ఎన్టీఆర్ గారి వంద రూపాయల నాణెం మాత్రం ఎలాగైనా ఉండాలని నాలుగు వేలకి పైగా పెట్టి తీసుకున్నాను, ఆ నెల ఇంట్లో లెక్క చెప్పుకోవడానికి ఇబ్బంది పడ్డాను కూడా.

ఒకటి మిస్సయితే ఆల్బమ్‌లో గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడి చూస్తే బాధ, పది ఖాళీ గడులు చూస్తే ఇంకెందుకులే అనిపిస్తోంది. ఇన్ని డిజైన్లు వెయ్యడం వల్లే మాలాంటి వాళ్ళు మానేస్తున్నారా, లేక వయసు మీద పడి నాకే ఆసక్తి తగ్గిందా?

—

పాత క్యాషియర్, సికింద్రాబాద్:

వయసు కాదండీ. నాకు అరవై ఆరు, నాకింకా ఆసక్తి తగ్గలేదు.

డిజైన్లు ఎక్కువ కావడం కొత్తేమీ కాదని మాత్రం చెప్పాలి. మన దేశంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ గారివి, రూపాయి, అర్ధ రూపాయి. 1969లో గాంధీ శతజయంతివి. అక్కడి దాకా నిదానంగానే ఉంది. మీరు చెప్పిన 90ల సంగతే తీసుకోండి: అంబేడ్కర్, రాజీవ్, నెమలి, కామన్వెల్త్ పార్లమెంటరీ మహాసభ, క్విట్ ఇండియా, కుటుంబ సంవత్సరం, సర్దార్ పటేల్, నేతాజీ, అండమాన్ సెల్యులార్ జైలు, అరవిందులు, చిత్తరంజన్ దాస్, శివాజీ. పదేళ్ళలో ఇన్ని వచ్చినా అప్పుడు మీరెవరూ విసుక్కోలేదు కదా. ఎందుకంటే మీరు వాటిని వెతుక్కుంటూ వెళ్ళలేదు, అవే మీ గల్లాపెట్టెలోకి వచ్చాయి. రూపాయి బిళ్ళని రూపాయికే తీసుకున్నారు. ఇప్పుడు వచ్చేవి దాదాపు అన్నీ చలామణికి కావు, టంకశాల వెబ్‌సైట్లో బుక్ చేసుకుని పెట్టెలో తెప్పించుకోవాలి. నాణెం మీద వంద అని ఉంటుంది, మనం కట్టేది వేలు. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడుంది, ఎన్ని డిజైన్లు అన్న దగ్గర కాదు.

చలామణిలో కూడా డిజైన్లు హద్దు దాటితే ఏమవుతుందో నేను కౌంటర్లో కూర్చుని చూశాను. పది రూపాయల బిళ్ళలో హోమీ భాభా, వైష్ణోదేవి, పార్లమెంటు 60 ఏళ్ళు, కాయిర్ బోర్డు, అంబేడ్కర్, యోగా దినం, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దానికి తోడు మామూలు పది రూపాయల్లోనే రూపాయి గుర్తు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని, పది గీతలవి కొన్ని, పదిహేను గీతలవి కొన్ని. జనం ఏది అసలుదో ఏది నకిలీదో తెలియక అన్నీ తీసుకోవడం మానేశారు. ఆటో అతను తీసుకోడు, కూరగాయలామె తీసుకోదు, వాళ్ళని ఏమనగలం, రేపు ఆ బిళ్ళ ఎవరూ తీసుకోకపోతే నష్టపోయేది వాళ్ళే కదా. చివరికి 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సొచ్చింది, ఇప్పటిదాకా వేసిన 14 డిజైన్లూ చెల్లుతాయని. 14440 అని ఒక టోల్ ఫ్రీ నంబరు కూడా పెట్టారు. అయినా ఒక హోటల్ ఆయన సంచి నిండా పది బిళ్ళలు తెచ్చి "ఇవి మా ఊళ్ళో చెల్లవు సార్, ఎలాగైనా తీసుకోండి" అని నా ముందు పోసిన రోజు నాకింకా గుర్తుంది. నేను ఆ సంచిలోంచి మూడు రకాలు ఏరుకుని, బదులుగా ముప్పై రూపాయలు వేసి ఇంటికి తెచ్చుకున్నాను. అదే నాణెం ఆయనకి బరువైంది, నాకు ముద్దొచ్చింది.

—

బెజవాడ పాత నాణేలు:

నేను అమ్మే వాడిని, కాబట్టి నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, ఏమనుకోకండి.

కొత్త డిజైన్ వచ్చిన వారం నా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మంది అసలు నాణేలు పోగేసే వాళ్ళు కాదు. ఎన్టీఆర్ నాణెం 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ముర్ము గారి చేతుల మీదుగా విడుదలైంది, ముద్ర వేసింది మన హైదరాబాద్ టంకశాలే. ఆ వారం నాకు ఫోన్లు చేసిన వాళ్ళందరూ అభిమానులు, పూజగదిలో పెట్టుకోవడానికి అడిగిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి మింట్ మార్క్, అంటే నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పే గుర్తు, తెలియదు, తెలియక్కర్లేదు కూడా. సత్యసాయి నాణేనికి భక్తులు, మీరాబాయి నాణేనికి ఇంకెవరో. అంటే ఎన్ని డిజైన్లు పెరిగితే అన్ని కొత్త గుంపులు వస్తున్నాయి, టంకశాలకి అమ్మకం ఆగదు. మధ్యలో నలిగిపోయేది మీలాంటి వాళ్ళే, ప్రతిదీ కావాలనుకునే వాళ్ళు. ఆ అభిమానులు, భక్తులు ఒక్కటి కొని ఊరుకుంటారు, మీరు అన్నీ కొనాలి.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్తాను. ఇవి ముందు ముందు ధర పెరుగుతాయని కొనకండి. ఆ ఎన్టీఆర్ నాణెం 35 గ్రాములు, అందులో వెండి సగమే, మిగతా సగం రాగి, నికెల్, జింక్. అంటే పదిహేడున్నర గ్రాముల వెండి, అప్పటి ధరకి పదిహేను వందల లోపే. ప్రేమ ఉంటే కొనుక్కోండి, చాలా మంచి నాణెం అది. పిల్లల పెళ్ళికి పనికొస్తుందని మాత్రం వద్దు. అమ్ముకుందామని వచ్చిన వాళ్ళకి ధర చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను.

—

డాలస్ తెలుగు:

ఇక్కడ అమెరికాలో ఇదే కథ ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ఇక్కడ 1999 నుంచి 2008 దాకా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో క్వార్టర్ (పావు డాలర్ బిళ్ళ) వేశారు, ఏడాదికి ఐదు, మొత్తం 50 డిజైన్లు. పాత క్యాషియర్ గారి మాటకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 50 అంటే తక్కువేం కాదు, కానీ అవన్నీ పావు డాలర్‌కే చిల్లరలో దొరికేవి. 14 కోట్ల మందికి పైగా పోగేశారని ఇక్కడి టంకశాల లెక్క. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, అమెరికా మ్యాప్ ఉన్న అట్ట కొనిచ్చాం, గ్రోసరీకి వెళ్ళిన ప్రతిసారీ చిల్లర తనే తీసుకుని కారులో కూర్చుని వెతికేది. తెలుగు అక్షరాలు నేర్చుకోకముందే ఏ రాష్ట్రం ఎక్కడుందో నేర్చుకుంది. చివర్లో హవాయి క్వార్టర్ దొరికిన రోజు ఇంట్లో పాయసం చేశాం.

అది బాగా నడిచిందని 2010 నుంచి మళ్ళీ నేషనల్ పార్కులతో 56 డిజైన్లు, 2021 దాకా సాగదీశారు. ధర అదే పావు డాలర్, చిల్లరలోనే దొరుకుతాయి. కానీ మా ఇంట్లో ఎవరూ అట్ట కొనలేదు, మా అబ్బాయికి ఆ పార్కుల పేర్లు సగం తెలియవు. కాబట్టి డబ్బు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. మొదటిసారి అందరికీ తెలుసు, ఇది 50 దగ్గర అయిపోతుందని. చివర ఎక్కడో కనపడుతుంటే మనిషి నడుస్తాడు. గుంటూరు చిల్లర గారి బాధ కూడా అదే అనుకుంటున్నాను, ఆయన ఆల్బమ్‌కి చివరి పేజీ లేదు.

అమ్మకానికి వేసే వాటితో అయితే ఇంకా ఘోరం. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం రెండేళ్ళలో, ప్రూఫ్ (కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా వేసేవి), మామూలువి కలిపి లెక్కేస్తే, 32 నాణేలు వేశారు. కొనలేక కలెక్టర్లు వదిలేశారు, కొన్ని ఎంత తక్కువ అమ్ముడుపోయాయంటే ఇప్పుడు అవే అరుదైనవి అయిపోయాయి. ఆ దెబ్బతో చట్టమే మార్చారు, 1999 నుంచి ఏడాదికి రెండు అంశాలకే స్మారక నాణేలు. యూరప్‌లో కూడా రెండు యూరోల స్మారక నాణేలు ఒక్కో దేశం ఏడాదికి రెండే వెయ్యాలని నియమం ఉంది, అందరూ కలిసి వేసేది వేరు. మన దగ్గర కూడా ఏడాదికి ఇన్ని అని ఒక హద్దు పెడితే, అందులో ఒకటైనా పది రూపాయలకో ఇరవై రూపాయలకో చలామణిలోకి వదిలితే, ఇప్పటి పిల్లలకి మీ గల్లాపెట్టె అనుభవం మళ్ళీ దొరుకుతుంది. ఇది నేను చాలా బలంగా నమ్ముతున్నాను.

—

చుక్క నక్షత్రం:

అందరికీ నమస్తే, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హైదరాబాద్. మీ అందరిలా నాకు పాతవి గల్లాపెట్టెలో దొరకలేదు, నేను మొదలుపెట్టిందే 2022లో. సైఫాబాద్ పాత టంకశాలని ఆ ఏడాదే మ్యూజియంగా తెరిచారు, ఫ్రెండ్స్‌తో ఊరికే చూడ్డానికి వెళ్ళాను. 1903 నాటి బిల్డింగ్, 1997లో పని అంతా చర్లపల్లికి మారింది. అక్కడే నాకు తెలిసింది, మన జేబులో ఉన్న ప్రతి బిళ్ళ మీదా సంవత్సరం కింద అది ఎక్కడ తయారైందో గుర్తు ఉంటుందని. నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. బయటికొచ్చి జేబులోవి తీసి చూస్తే ఐదింటిలో రెండింటి మీద నక్షత్రం.

అప్పటి నుంచి నేను నక్షత్రం ఉన్నవే తీసుకుంటున్నాను, అదీ చలామణిలోవే. స్మారక నాణేల జోలికే వెళ్ళలేదు, అంత డబ్బు నాకు లేదు. అందుకే కొత్తవి ఎన్ని వచ్చినా నాకు టెన్షన్ లేదు. అమృత్ మహోత్సవ్ గుర్తుతో రూపాయి నుంచి ఇరవై దాకా వచ్చిన సెట్‌లో నాలుగు దొరికాయి, ఇంకొకటి కోసం చూస్తున్నాను. అంకుల్, మీ ఆల్బమ్ అన్నీ ఉండాలని ఎవరు అన్నారు? తప్పుగా అనుకోకండి, నిజంగానే తెలియక అడుగుతున్నాను.

—

గుంటూరు చిల్లర:

అందరికీ చాలా థాంక్స్. బాబూ, నువ్వడిగిన దానికి తప్పుగా ఏమీ అనుకోలేదు. అన్నీ ఉండాలని ఎవరూ అనలేదు, పదేళ్ళ వయసులో నేనే అనుకున్నాను, అప్పుడు అది సాధ్యమయ్యేది కూడా. ఇప్పుడు కాదు.

డాలస్ గారి మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. పొద్దున లేచి ఆల్బమ్ తీశాను. 1964 నుంచి 2011 దాకా చలామణిలోకి వచ్చినవి ఒక పుస్తకం, అంతటితో ఆపేస్తున్నాను. పావలా, అంతకన్నా చిన్న బిళ్ళలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి కదా, నాకు అది సరైన గీతలా కనపడింది. ఇందులో నాకింకా పదకొండు ఖాళీలు ఉన్నాయి, లెక్కపెట్టాను. పెట్టెలో వచ్చిన పెద్దవన్నీ వేరే తీసి బీరువాలో పెట్టాను, అమ్మను, కానీ ఇక కొనను. ఎన్టీఆర్ గారిది మాత్రం బయటే ఉంది, మా అమ్మ అడిగి మరీ తన దగ్గర పెట్టుకుంది.

క్యాషియర్ గారూ, చలామణిలోకి వదలాలన్న మాట మీద మనం నలుగురం కలిసి ఒక ఉత్తరం రాస్తే బావుంటుంది, పాత ఉద్యోగిగా మీరు చిత్తుప్రతి రాస్తే నేను కూడా సంతకం పెడతాను.

ఇంకో మాట. నా దగ్గర 1993 ఇంటర్ పార్లమెంటరీ యూనియన్ రూపాయి రెండున్నాయి. నాకు 2006 బసవేశ్వరుడి ఐదు రూపాయల బిళ్ళ కావాలి, వాడింది అయినా ఫర్వాలేదు. ఎవరి దగ్గరైనా రెండోది ఉంటే మార్చుకుందాం.

—

పాత క్యాషియర్, సికింద్రాబాద్:

బసవేశ్వరుడు నా దగ్గర మూడున్నాయి, ఒకటి మీకు తీసి పెట్టాను. ఉత్తరం ఈ ఆదివారం రాస్తాను.