కిడ్నీ జబ్బు ఉన్నవారు లేత కొబ్బరి తినవచ్చా?

నాలుగో దశ:
వయసు 58, కిడ్నీ జబ్బు నాలుగో దశ, జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం) 26. కొబ్బరి నీళ్లు ముట్టవద్దని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. సరే, మానేశాను. కానీ బోండంలోని లేత కొబ్బరి గురించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు (అడిగితే అదీ వద్దంటారని). నీళ్లు ఒంపేసి కొబ్బరి మాత్రం తింటే తప్పా?

కొబ్బరిప్రియ:
నిక్షేపంగా తినండి. మా పెద్దమ్మ రోజూ కొబ్బరి నీళ్లు తాగేది, కిడ్నీలోని రాళ్లు బయటికి పడిపోయాయి. డాక్టర్లకు ప్రతిదీ నిషేధమే!

పాత రోగి:
మీ పెద్దమ్మగారివి రాళ్లు, ఈయనది వడపోత మందగించిన కిడ్నీ. రాళ్లున్నవారిని ఎంత ద్రవం తాగితే అంత మంచిదంటారు. ఆ సలహాను అందరికీ అంటగట్టి ‘కిడ్నీకి మంచిది’ అనేయడంతోనే గొడవంతా వస్తోంది.

మందగించిన కిడ్నీ పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేదు. గ్లాసు కొబ్బరి నీళ్లలో, అంటే 240 మిల్లీలీటర్లలో, సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మనం భయపడి మానేసిన అరటిపండులో, మధ్యరకం పండైతే, 420 దాకా ఉంటుంది. లేత కొబ్బరి ఆ నీళ్లలో ఊరినదే కదా? నీళ్లు ఒంపేస్తే పొటాషియం కూడా పోతుందనుకోవద్దు. ముదురు కొబ్బరిలో అయితే 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైనే. పొటాషియం పెరిగినా ఒంటికి ఏమీ తెలియకపోవచ్చు, ఉన్నట్టుండి గుండె లయ తప్పవచ్చు. ఆరోగ్యవంతులు కూడా కొబ్బరి నీళ్లు అతిగా తాగి ఆసుపత్రి పాలైన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇంట్లోనే డయాలసిస్:
పాత రోగి గారూ, అందరినీ ఒకే గాటన కట్టకండి. నాది పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్. రోజూ పొటాషియం బయటికి పోతుంది. ఒక దశలో రక్తంలో అది 3.2కి పడిపోతే, పొటాషియం ఉన్నవి తినమని డాక్టరే చెప్పారు. లేత కొబ్బరి అప్పుడు తిన్నాను, ఇప్పుడూ తింటున్నాను. అమెరికాలో 2020లో వచ్చిన కిడ్నీ పోషకాహార మార్గదర్శకాలు కూడా పొటాషియానికి అందరికీ ఒకే హద్దు గీయలేదు. రక్తంలో స్థాయి మామూలుగా ఉండేలా తిండి సర్దుకోమన్నాయి.

పాత రోగి:
ఒప్పుకుంటాను, తొందరపడ్డాను. కానీ మీరు మీ అంకె చూసుకుని తిన్నారు. అడిగినాయన అంకె మనకు తెలియదు. నాలుగో దశ గారూ, పొటాషియం చివరిసారి ఎంత ఉంది? బీపీకి ఏ మాత్ర? టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటివి పొటాషియం ఒంట్లోనే నిలిచిపోయేలా చేస్తాయి. సోడియం తక్కువని చెప్పి అమ్మే ఉప్పు వాడుతున్నారా? అందులో కొంత సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు.

కొబ్బరిప్రియ:
రెండు చెంచాల కొబ్బరికి ఇంత విచారణా!

నాలుగో దశ:
రిపోర్టు వెతికి తీశాను. పొటాషియం 5.4, ఉండాల్సినదానికంటే ఎక్కువే. అదీ నాలుగు నెలల నాటిది. వేసుకునేది టెల్మిసార్టాన్. ఆ ఉప్పు కూడా, బీపీకి మంచిదని, మా కోడలు తెచ్చిపెట్టింది. రేపు పొద్దున్నే రక్తపరీక్షకు వెళ్తున్నాను. ఫ్రిజ్‌లోని బోండం మనవడు తాగేశాడు.