చందుర్తిలో ఫిరంగులు ఎక్కువ ఫ్రెంచివాళ్ల దగ్గరే ఉన్నా ఓడిపోయారెందుకు?

గోదారిగట్టు:
ఇంగ్లిషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ పిఠాపురం దగ్గర జరిగిన 1758 డిసెంబరు చందుర్తి యుద్ధం లెక్క నాకు కుదరడం లేదు. తెల్లసైనికులు రెండు పక్కలా ఇంచుమించు అయిదేసి వందలు. ఫ్రెంచి సిపాయిలు 6,000, ఇంగ్లిషు సేనాని ఫోర్డ్ తెచ్చిన బెంగాల్ సిపాయిలు 2,000 లోపే. ఫిరంగులు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కి దాదాపు 30, ఫోర్డ్‌కి ఆరు. ఇంగ్లిషువాళ్ల పక్షాన ఉన్న విజయనగరం రాజు ఆనందగజపతి సేన వల్ల గెలిచారా? ఆ వెంటనే బందరు కోట కూడా అంత తేలిగ్గా ఎలా పడింది?

పాతపటాలు:
గజపతి పదాతిలో ఎక్కువమంది చేతుల్లో బల్లేలు, విల్లమ్ములు. యుద్ధం తేల్చింది వాళ్లు కాదు, ఒక చేను. (ఇంగ్లిషు రాతల్లో మొక్కజొన్న అంటారు, ఆ కాలానికి జొన్నే అయ్యుంటుందని నా అనుమానం.) ఫోర్డ్ తెల్లపటాలం మధ్యలో, ఆ చేను మాటున ఉండిపోయింది. అటూ ఇటూ సిపాయిలు. బెంగాల్ సిపాయిలకీ ఎర్రకోట్లే. ఎడమ పక్క ఎరుపు కనబడగానే అదే తెల్లపటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు అటు మళ్లారు. సిపాయిలు చెదిరారు. ఫ్రెంచివాళ్లు వరస తప్పి వాళ్లని తరుముతుంటే ఫోర్డ్ పటాలం చేను దాటి వచ్చి పక్కనుంచి తుపాకులు పేల్చింది. ముందుకి తిరిగి ఉన్న వరస పక్కదెబ్బకి నిలవదు, అందరూ ఒక్కసారి గురి పెట్టలేరు కదా.

మందుగుండు:
ఫిరంగుల సంగతి: పటాలం ఉరికినంత వేగంగా వాటిని ఈడ్చుకెళ్లలేరు. పైగా సొంతవాళ్లు ముందుంటే పేల్చడం కుదరదు. తమ పటాలం విరిగి పారిపోయి వచ్చేసరికి ఫిరంగులకి కాపు లేకుండా పోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. ఈ ప్రాంతం ఆనుపానులు తెలిసిన ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని బలగాన్ని ఫ్రెంచివాళ్ల పెద్ద అధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు.

పాతపటాలు:
గోదారిగట్టు గారూ, బందరు తేలిగ్గా పడలేదు. గెలిచాక డబ్బు దగ్గర రాజుకీ ఫోర్డ్‌కీ పేచీ వచ్చి వారాలు గడిచిపోయాయి. 1759 మార్చి 6న గానీ కోట ముందుకి రాలేదు. కోట చుట్టూ ఎక్కువ భాగం చిత్తడి, ఫిరంగులు నిలబెట్టడానికి సముద్రం వైపు ఇసుకనేలే దిక్కు. ఇంతలో ఫ్రెంచివాళ్ల పక్షాన ఉన్న హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సేనతో దగ్గరపడ్డాడు. ఏప్రిల్ 7న చూసుకుంటే మందుగుండు రెండు రోజులకే ఉంది. ఆ రాత్రే మూడు చోట్ల దాడి. నైరుతిలో కెప్టెన్ నాక్స్ బురదలోంచి ఉత్తుత్తి దాడి చేశాడు, ఊరి నుంచి వచ్చే కట్ట మీద రాజు సేన అలజడి చేసింది, అసలు బలగం ఈశాన్య బురుజెక్కింది. లోపలివాళ్లే ఎక్కువమంది. చీకట్లో ఏ దాడి అసలుదో తేల్చుకోలేక కాన్‌ఫ్లాన్స్ తెల్లారేసరికి లొంగిపోయాడు.

గోదారిగట్టు:
అంటే రెండుసార్లూ ఎదుటివాణ్ణి పోల్చుకోలేకే పోయాడన్నమాట! సలాబత్ జంగ్ మరి?

మందుగుండు:
కోట పోయాక మాట మార్చాడు. మే 14 ఒప్పందంలో మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలు కుంపిణీకి (ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీకి) రాసిచ్చి, ఫ్రెంచివాళ్లని కృష్ణ ఇవతల ఉండనివ్వనన్నాడు. కోట పడిన కొద్దిరోజులకే ఫ్రెంచి సాయం రెండు ఓడల్లో వచ్చింది, సంగతి తెలిసి దిగకుండానే వెళ్లిపోయింది.